మిరపకాయల గదిలో మూకుళ్ళు

"స్టార్ ఎక్కడ కడతారో నీకు తెలుసు గదమ్మా?"

అడిగింది మామగారు. కాఫీ గ్లాసు అందించబోతున్న ప్రసన్న చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆయన ముఖం వంక చూసింది. హాలు మధ్యలో తెచ్చి పడేసిన మూడు అట్టపెట్టెల వంక చూసింది.

పై పెట్టెలోంచి ఎర్ర కాగితపు స్టారు సగం బయటికి వచ్చి ఉంది. దాని కింద జరీ తోరణాలు, బెలూన్ల కట్టలు, సీరియల్ లైట్ల చుట్టలు. గోడకు ఆనించి ఒక ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు.

ఆరేళ్ళ కిందట ఇదే హాల్లో, ఇదే సోఫాలో కూచుని తీర్పు చెప్పిన పెద్దమనిషి ఈ బాలకోటయ్యే. రిజిస్టరు పెళ్ళి చేసుకుని కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చిన కోడలితో, "ఈ గడప లోపల మీ పండగలు ఉండకూడదు, మీవాళ్ళ రాకపోకలు ఉండకూడదు. ఇష్టమైతే ఉండు" అన్నాడు. ఆ మరుసటి నెల కూతుర్ని చూసి పోదామని నాదెండ్ల నుంచి వచ్చిన నాగేంద్రమ్మను గేటు బయటే నిలబెట్టారు. మాట బాలకోటయ్యది. లోపలి నుంచి గడియ పెట్టిన చెయ్యి అత్తగారు ప్రమీలమ్మది. తెచ్చిన అరటిపళ్ళ సంచి గేటు కమ్మీకి తగిలించి ఆ తల్లి వెళ్ళిపోయింది. మళ్ళీ నరసరావుపేటలో ఈ వీధి మొహం చూడలేదు.

అలాంటి ఇంట్లో, అలాంటి మనిషి, స్టార్ ఎక్కడ కట్టాలని అడుగుతున్నాడు. 

"ఏందయ్యా ఇది?" అంటూ ప్రమీలమ్మ దేవుడి గదిలోంచి వచ్చింది. ఆమె చేతిలో ఇంకా హారతి పళ్ళెం ఉంది. "ఈ సామానేంది, నా హాల్లో ఏంది?"

"రేపు సాయంత్రం మనింట్లో సెమీ క్రిస్మస్" అన్నాడు బాలకోటయ్య.

ప్రమీలమ్మకు సెమీ అంటే ఏమిటో తెలియదు గానీ క్రిస్మస్ అంటే ఏమిటో బాగా తెలుసు. పళ్ళెం టీపాయ్ మీద పెట్టేసింది.

"మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"పండక్కి నాలుగు రోజుల ముందు నాయకులందరూ పెట్టేదేనే. ఫాదర్లను, పాస్టర్లను పిలిచి కేకు కోయించి భోజనాలు పెడతారు. అవతల పార్టీ వాడు మొన్న ఫంక్షన్ హాల్లో పెట్టాడు. నేను ఏకంగా ఇంట్లోనే పెడతన్నా. ఇంటికి పిలిచినోడి విలువ వేరు. మన వార్డులో చర్చిల ఓట్లే ఏడొందలున్నయ్."

"ఓట్లు కావాలంటే వీధిలో షామియానా ఏసుకో. దేవుడి గదికి ఇవతల నాలుగడుగులు లేదు. ఇక్కడెట్టా?"

"ఆ పూటకు గది తలుపేద్దాం."

"దేవుణ్ణి లోపలేసి తలుపేస్తావా!" ప్రమీలమ్మ గొంతు వీధిలోకి వినపడింది. "కోటప్పకొండ కోటయ్య సామి పేరు పెట్టుకున్న మనిషివి, ఆ సామినే గదిలో పెట్టి గొళ్ళెం పెడతానంటావా?"

"ఒక్క పూటే. అరవమాక."

బాలకోటయ్యకు నూజెండ్లలో మిరప తోటలున్నాయి, నరసరావుపేటలో ఈ మేడ ఉంది. లేనిదల్లా కౌన్సిలర్ పదవి. రెండుసార్లు ఓడిపోయాడు. మూడోసారి గెలవడానికి ఆయన చెయ్యని పని ఉండబోదని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంత పని చేస్తాడని మాత్రం ఎవరూ అనుకోలేదు.

"డెకరేషన్ ప్రవీణ్ కుమార్ సామాను దించిపోయాడు" అని ఆయన కోడలి వైపు తిరిగాడు. "డిసెంబర్లో వాడి కాడ మనుషులు యాడుంటారు? ఊళ్ళో ప్రతి నాయకుడూ ఇదే పెడుతుంటే! నేనన్నా, నాకు మనుషులెందుకురా, మా కోడలుంది, దాని పుట్టింటి పండగేగా అని."

మా కోడలు. పుట్టింటి పండగ. ఆరేళ్ళ నుంచి ఆ నోటి వెంట రాని రెండు మాటలు ఒక్క ఊపిరిలో వచ్చేశాయి. ప్రసన్నకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వెంకటేష్ మెట్ల దగ్గర నిలబడి తువ్వాలుతో చెవులు తుడుచుకుంటున్నాడు. ఇలాంటి సమయంలో మాట్లాడకుండా నిలబడటంలో ప్రసన్న మొగుణ్ణి మించిన వాడు పల్నాడు జిల్లాలో లేడు. అయినా ఈ వారం ఆమెకు అతని మీద కోపం రావడం లేదు. దానికో కారణం ఉంది. ఆ కారణం మేడ మీద, మిరపకాయల గదిలో ఉంది.

ప్రసన్న పుట్టింట్లో పండక్కి పదిహేను రోజుల ముందు మట్టి మూకుళ్ళలో రాగులు చల్లుతారు. పండగనాటికి అవి బెత్తెడు ఎత్తు మొలుస్తాయి. బాలయేసు పుట్టిన పశువుల పాక కట్టి, ఆ పచ్చిక దాని ముందు పెడతారు. ఈ ఇంటికొచ్చాక ప్రసన్న పాక కట్టలేదు, స్టారు కట్టలేదు, చర్చికి వెళ్ళలేదు. ఆ గడ్డి ఒక్కటే మానుకోలేకపోయింది. ఏటా ఐదు మూకుళ్ళు, ఇంటి వాడకం మిరపకాయల బస్తాల వెనక, వెంటిలేటర్ కింద. ఆ ఘాటుకు ఆ గదిలోకి ఎవరూ పోరు.

మొదటి ఏడు వెంకటేష్ చూశాడు. "నాన్న చూస్తే గొడవ" అన్నాడంతే. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

కిందటి వారం తను పనిచేసే బ్యాంకు ట్రైనింగుకని ఆమె మూడు రోజులు గుంటూరులో ఉండాల్సి వచ్చింది. మొలకలు మాడిపోయి ఉంటాయని దిగులుపడుతూ తిరిగొచ్చింది. వచ్చి చూస్తే మట్టి తడిగా ఉంది. మొలకలు నిటారుగా ఉన్నాయి. ఎవరో రోజూ నీళ్ళు పోశారు. ఎవరో ఏమిటి, ఇంట్లో ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే. ప్రసన్న అతణ్ణి అడగలేదు. అడిగితే ఆ సంతోషం ఎక్కడ పలచబడిపోతుందోనని దాచుకుంది. నోరు లేకపోయినా మనసుందిలే అనుకుంది.

ఆ ధైర్యంతోనే ఇప్పుడు నోరు విప్పింది.

"కడతాను మామయ్యా. కానీ రేపు మా అమ్మ రావాలి. వీధి తలుపు నుంచి."

 తువ్వాలు వెంకటేష్ చెవి దగ్గరే ఆగిపోయింది. ప్రమీలమ్మ కోడల్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఆరేళ్ళలో ఈ పిల్ల ఒక షరతు పెట్టడం ఇదే మొదలు.

బాలకోటయ్య ముఖం ఎర్రబడింది. తర్వాత, చిత్రంగా, మామూలైంది. ఆయన కళ్ళలో ఏదో లెక్క తిరగడం ప్రసన్నకు కనిపించింది.

"అట్నే రమ్మను. నూటయాభై మందిలో ఒకామె." అంతలోనే ఉత్సాహంగా అన్నాడు. "అసలు ముందు వరసలోనే కూచోబెడదాం. ఫాదర్ గారి పక్కన. వియ్యపురాలని చెబుదాం. ఫోటోలో పడాలి."

ప్రమీలమ్మ హారతి పళ్ళెం తీసుకుని దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

ప్రసన్న వంటగదిలోకి వెళ్ళి తల్లికి ఫోన్ చేసింది. సంగతంతా ఒక్క గుక్కలో చెప్పింది. అవతల బస్సు హారన్ వినపడింది.

"ఎవరు రమ్మన్నారు?" అంది నాగేంద్రమ్మ చివరికి.

"మామయ్యే అమ్మా. ఆయన నోటితోనే."

"మీ అత్త ఏమన్నది?"

ప్రసన్న ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"సరే" అని నాగేంద్రమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ సరేలో వస్తానని ఉందో రానని ఉందో ప్రసన్నకు తేలలేదు.

* * *

బాలకోటయ్య పార్టీ ఆఫీసుకు వెళ్ళాడు. ప్రసన్న కొంగు బిగించి కుర్చీ ఎక్కింది.

చేతులు మరిచిపోలేదు. ఎర్రదీ పచ్చదీ రెండు కాగితపు పట్టీలు కలిపి, ఫ్యాను కొక్కెం దగ్గర ముడేసి, మెలిపెడుతూ మూలదాకా లాగడం. మూరకు ఐదు మెలికలు. తక్కువైతే వేలాడుతుంది, ఎక్కువైతే తెగుతుంది. వాళ్ళ నాన్న ఉన్నప్పుడు చెప్పిన లెక్క అది. స్టారులో బల్బు ముందే వెలిగించి చూసుకుని, ఆ తర్వాతే దాని కాగితం నోరు మూయాలి. అదీ ఆయన చెప్పిందే. ఆయన చనిపోయి తొమ్మిదేళ్ళు. ఎర్ర స్టారులో దీపం వెలగగానే ప్రసన్నకు కళ్ళు మసకేశాయి. కుర్చీ మీద నిలబడే కాసేపు ఏడ్చింది.

ప్రమీలమ్మ దేవుడి గది గుమ్మంలో కాపలాగా కూచుని వత్తులు చేసుకుంటూ ఉంది. చూడనట్టే అంతా చూస్తూ ఉంది.

"ఆ బుడగలు మరీ కిందికున్నయ్. జనం నెత్తికి తగులుతయ్."

ప్రసన్న పైకి కట్టింది.

"ఆ మూల బోసిగా ఉంది."

ప్రసన్న ఆ మూల జరీ తోరణం వేసింది.

"నేనేం బాగుందని చెప్పట్లా" అంది ప్రమీలమ్మ. "కట్టేదేదో సరిగ్గా కట్టమంటన్నా. నలుగురూ వచ్చే ఇల్లు."

ప్రసన్న పెదవి కొరికి నవ్వాపుకుంది. అత్తగారు ఈ మధ్య బాగా చిక్కారని అప్పుడు గమనించింది. వారం నుంచి ఒంటిపూటే తింటున్నారు. అడిగితే గ్యాస్ అన్నారు.

పన్నెండు గంటలకు హాలు హాలులా లేదు. తూర్పు మూల ప్రసన్న పశువుల పాక నిలబెట్టింది. థర్మోకోల్ గోడలు, పైన కాస్త వరిగడ్డి, లోపల మట్టి బొమ్మలు. చివరి పెట్టె అడుగున మడతపెట్టిన ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి చాప దొరికింది. విప్పి చూసింది. మళ్ళీ మడతపెట్టింది.

ఇది వద్దనుకుంది. ఇక దాచేదేముంది? స్టారు కట్టించింది ఆయనే, పాక పెట్టించింది ఆయనే. ఇంత జరిగాక ఐదు మూకుళ్ళ గడ్డి ఎవరికి కనపడితే ఏం?

మేడ మీదికి పరిగెత్తినట్టే పోయింది. మూకుళ్ళు పళ్ళెంలో పెట్టుకుని జాగ్రత్తగా మెట్లు దిగింది. అప్పుడే వెంకటేష్ కూడా బయటి నుంచి వచ్చాడు.

"కదపమాకే!"

ప్రమీలమ్మ కేక. వత్తుల బుట్ట దొర్లిపోయింది. ఆమె పరుగున వచ్చి పళ్ళేనికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఎందుకు కిందికి తెచ్చావ్? తీరకుండా కదపకూడదు! నీకెవరు చెప్పారు కదపమని? పెట్టు, పో, ఉన్నచోటే పెట్టు!"

"అత్తయ్యా?" ప్రసన్న బిత్తరపోయింది. "మీకివి... మీరు చూశారా?"

"చూడకేం? కారం పట్టిద్దామని మిరపకాయలకు పోతే కనపడినయ్. నువ్వు గుంటూరు పోయిన మర్నాడు. ఎండిపోతన్నయ్. నేనే నీళ్ళు పోశా. రోజూ స్నానం చేసి, మడితో పోశా."

ప్రసన్న పళ్ళెం వెలుతురులోకి తిప్పి చూసింది. గోడవైపు ఉండే అంచుకు, ప్రతి మూకుడుకూ, పసుపు రాసి ఉంది. దాని మీద చిన్న కుంకుమ బొట్టు. మేడ మీద ఆ మసక వెలుగులో అది ఆమెకు కనపడనే లేదు.

"మీరు పోశారా?" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నువ్వు కాదా?"

"ఏంది?" అన్నాడు వెంకటేష్.

"నీళ్ళు. నేను లేనప్పుడు నువ్వు పొయ్యలేదా?"

"దేనికి?"

అతను నిజంగానే అడిగాడు. ఆ ఒక్క మాటతో నాలుగైదు రోజుల సంతోషం ఎక్కడిదక్కడ ఆరిపోయింది. 

ప్రమీలమ్మ మాట్లాడుతూనే ఉంది. "పెళ్ళిలో పాలికలు పోస్తామే, మట్టి మూకుళ్ళలో నవధాన్యాలు, అచ్చం అట్టాగే ఉన్నయ్. ఎవరో మంచి మనిషి నీకు సంతానం నోము చెప్పారనుకున్నా. ఆరేళ్ళయింది, నీ కడుపున ఒక కాయ కాయలా. పైకి చెప్పవు గానీ నీకూ బాధ ఉంటదిగా అనుకున్నా. నోము పట్టినామె నోరు విప్పకూడదుగా, అందుకే నేనూ అడగలా. నా వంతుగా కోటప్పకొండ మెట్లన్నీ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్నా. వారం నుంచి ఒంటిపూట..." ఆగిపోయింది. కోడలి ముఖం చూసి ఆగిపోయింది.

"నోము కాదా?" అంది నెమ్మదిగా.

ప్రసన్న అబద్ధం చెప్పొచ్చు. ఒక్క క్షణం చెబుదామనీ అనుకుంది. కానీ ఒంటిపూట తిని చిక్కిపోయిన ఆ ముఖం ఎదురుగా ఉంది.

"కాదత్తయ్యా. ఇది పాక ముందు పెట్టే పచ్చిక. మా ఇంట్లో ఏటా పోస్తాం."

ప్రమీలమ్మ పాక వంక చూసింది. మూకుళ్ళ వంక చూసింది. తన కుడి చెయ్యి తిప్పి అరచేతి వంక చూసుకుంది.

"అంటే నేను... మీ దేవుడి గడ్డికి..." ఆమె గోడకు ఆనుకుని నేల మీదికి జారిపోయింది. "ఈ ఒక్క ఏడేనా?"

"వచ్చినప్పటి నుంచి."

"నా ఇంట్లో? నా నెత్తి మీద గదిలో?"

"గడ్డే గదత్తయ్యా. ఇంకేం చెయ్యలేదు. ప్రార్థన కూడా పైకి చెయ్యలేదు."

"ఎవరు చెయ్యలేదు? ఏం చెయ్యలేదు?"

గుమ్మంలో బాలకోటయ్య. ఆయన చేతిలో ఫ్లెక్సీ చుట్ట ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. వినాల్సిందంతా విన్నాడని మాత్రం ముఖంలోనే తెలుస్తోంది.

 ఆయన ఫ్లెక్సీ సోఫా మీదికి విసిరాడు.

"ఆరేళ్ళు! నా ఇంట్లో, నా తిండి తింటా, నా కళ్ళు కప్పావన్నమాట."

"మామయ్యా, హాలు నిండా మీరే కట్టించారు. ఐదు మూకుళ్ళ గడ్డి తప్పయిందా?"

"ఇది నేను పెట్టిన పండగ. రేపు సాయంత్రానికి అయిపోద్ది. అది నువ్వు చేసిన దొంగతనం. దానికీ దీనికీ పోలికేంది?" ఆయన మూకుళ్ళ వైపు వేలు చూపించాడు. "మాట తప్పినోళ్ళకు నేను మాట నిలబెట్టుకోవాల్సిన పన్లేదు. మీ అమ్మకు ఫోన్ చేసి రావద్దని చెప్పు. ఆ ప్లాస్టిక్ గడ్డి పరిచి పని ముగించు. రేపు కార్యక్రమం అయినాక నీ బట్టలు సర్దుకో. నువ్వే పోదువుగానీ మీ అమ్మ కాడికి."

"నాన్నా..." అన్నాడు వెంకటేష్.

ముగ్గురూ అతని వైపు తిరిగారు. ఆ తర్వాత ఏమంటాడోనని ప్రసన్న ఒక అడుగు అతని వైపు వేసింది. వెంకటేష్ తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు. అది అక్కడ లేదు. తల దించుకున్నాడు.

ప్రసన్నకు ఏడుపు కూడా రాలేదు. ఇంత సులువుగా వదిలేస్తాడా అని ఆశ్చర్యం వేసింది, అంతే.

బాలకోటయ్య ముందుకొచ్చి పళ్ళెంలోంచి ఒక మూకుడు అందుకున్నాడు. "ముందు దీన్ని కాలవలో పారేస్తే గానీ..."

"కింద పెట్టు."

నేల మీది నుంచి లేచిన ప్రమీలమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె మొగుడి చెయ్యి అలా పట్టుకోవడం ఎవరూ చూడలేదు. ఆయన కూడా చూడలేదు.

"ఏమే, నీకేమన్నా పట్టిందా? అది వాళ్ళ దేవుడి గడ్డే!"

"కావచ్చు. నేను మొక్కుకుంది మన కోటయ్య సామికి. ఆ మొలకల మీద చెయ్యేసి మొక్కా. నా మనవడి కోసం మొక్కా. మొక్కు తీరకుండా ఒక్క మొలక పీకినా నేనొప్పుకోను."

"పిచ్చి మాటలు మాట్లాడమాక."

"పిచ్చో ఎచ్చో. నీళ్ళు పోసింది నేను. రేపు ఏ దేవుడడిగినా జవాబు చెప్పాల్సింది నేను. ఓట్ల కోసం నా దేవుడి తలుపేస్తానన్నప్పుడు నేను అరిచి ఊరుకున్నా. ఇప్పుడు ఊరుకోను. ఇటియ్యి."

ఆమె మూకుడు లాక్కుంది. కోడలి వంక తిరగలేదు. ప్రసన్న మీద ఆమెకు జాలి లేదు, కోపం పోలేదు. ఆ మూకుణ్ణి కడుపుకు ఆనించుకుని నిలబడింది.

అప్పుడే వీధి గేటు చప్పుడైంది. ఎవరో దాని ఇనుప కమ్మీని రెండుసార్లు కొట్టారు.

ప్రసన్న పళ్ళెం టీపాయ్ మీద పెట్టి కిటికీలోంచి చూసింది. చూసి కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది.

గేటు అవతల నాగేంద్రమ్మ నిలబడి ఉంది. తెల్లంచు నీలం చీర, భుజాన గుడ్డ సంచి. పూజ అయ్యాక చర్చి నుంచి తిన్నగా బస్సెక్కినట్టుంది, చేతిలో జపమాల కూడా ఇంకా ఉంది.

"రేపు గదా రమ్మన్నది!" అన్నాడు బాలకోటయ్య నోరు తెరిచి.

ప్రసన్న ఒక్క అంగలో వసారా దాటి గేటు దగ్గరికి పరిగెత్తింది. గడియ మీద చెయ్యి వేసింది.

"నువ్వు తియ్యమాకమ్మా" అంది నాగేంద్రమ్మ.

"అమ్మా!"

"ఆ రోజు గడియ పెట్టింది నువ్వు కాదు. పెట్టినామె తియ్యాలి." ఆమె గొంతు పెద్దది కాదు, కానీ ఎదురింటి అరుగు మీది ఇద్దరు మగవాళ్ళు పేపరు దించారు. "రేపు రానే నేను. రేపొస్తే మీ మామ పిలిచిన జనంలో నేనొక తలకాయను. ఫోటో తీసుకుని పంపిస్తారు. వస్తే ఇవాళ వస్తా, నిన్ను కన్నదానిగా. తియ్యకపోతే మళ్ళీ ఈ జన్మలో రాను. ఈ మాట చెప్పి పోదామని వచ్చా."

ప్రసన్న వెనక్కి తిరిగి వసారా వైపు చూసింది. అత్తగారు గుమ్మంలో ఉన్నారు. వారం రోజులు ఒంటిపూట తిన్నది మోసపోయి. గడ్డి మీద పెట్టుకున్న ఆశంతా ఇప్పుడే కూలిపోయిన మనిషి. ఆమె దగ్గర ఏమని అడగాలి? ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

బాలకోటయ్య భార్య వెనక నుంచి గొంతు తగ్గించి బుసకొట్టాడు. "ప్రమీలా, గేటు తీశావంటే..."

ఎదురింటి అరుగు మీద ఇద్దరు నలుగురయ్యారు. నలుగురికీ ఓట్లున్నాయి. ఆయన మాట గొంతులోనే ఉండిపోయింది.

ప్రమీలమ్మ మెట్లు దిగింది. మూకుడు ఇంకా ఎడమ చేతిలోనే ఉంది. గేటు దాకా నడిచింది. వియ్యపురాళ్ళిద్దరూ కమ్మీల మధ్య నుంచి ఒకరినొకరు చూసుకున్నారు. ప్రసన్న పక్కకు జరిగింది.

ఒంటిచేత్తో గడియ ఒక పట్టాన రాలేదు. ప్రమీలమ్మ రెండుసార్లు లాగాల్సి వచ్చింది. గేటు కిర్రుమని బార్లా తెరుచుకుంది.

"లోపలికి రా వదినా" అంది.

ఆరేళ్ళలో మొదటిసారి వదిన అన్నది. ప్రసన్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాగేంద్రమ్మ ముఖం కరిగింది. కాలు ముందుకెత్తింది. అప్పుడు ఆమె చూపు వియ్యపురాలి చేతిలోని మూకుడు మీద పడింది. తన ఊరి పచ్చిక, తన ఇంటి లెక్కన మొలిచిన పచ్చిక. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎన్నో రోజుదమ్మా ఇది?" అని దాన్ని తాకబోయింది.

తాకబోయిన వేళ్ళు అంచు దగ్గర ఆగాయి.

"దీనికి బొట్టెవరు పెట్టారు?"

ప్రమీలమ్మ దాచలేదు. "నేనే."

నాగేంద్రమ్మ ఆ ఎర్రటి బొట్టు వంక చూసింది. చేతిలోని జపమాల వంక చూసుకుంది. కూతురి వంక చూసింది.

"బొట్టు పెట్టినదాన్ని బాలయేసు ముందు పెడతావా ప్రసన్నా?" అంది.

గేటు బార్లా తెరిచే ఉంది. ఎత్తిన కాలు నాగేంద్రమ్మ వెనక్కి తీసుకుంది.